మూత్రం ఆగిపోయిన పిల్లికి ఏ తిండి పెట్టాలి

మా బుజ్జిగాడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మగపిల్లి. అయిదు కిలోల బరువు, గుమ్మం దాటి బయటికి పోడు, తినేదంతా డ్రై ఫుడ్. మూత్రనాళం మూసుకుపోయే జబ్బు ఎక్కువగా ఇలాంటి పిల్లులకే వస్తుంది. ఆడపిల్లులకు నాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి సన్నటి ఇసుక ఏదైనా ఉంటే బయటికి పోతుంది. మగవాటికి నాళం పొడుగు, చివరికొచ్చేసరికి మరీ సన్నం. స్ఫటికాలూ జిగురూ కలిసి అక్కడ బిరడాలా బిగుసుకుంటాయి.

లిట్టర్ బాక్స్‌లోకి పదేపదే వెళ్లడం, చాలాసేపు ముక్కుతూ కూర్చోవడం, అరవడం, కింది భాగాన్ని అదేపనిగా నాక్కోవడం, వస్తే గిస్తే రెండు చుక్కలు రావడం, అందులో రక్తపు జీర. ఇవీ లక్షణాలు. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుంటారు. లిట్టర్‌లో తడి గడ్డ కట్టిందో లేదో చూస్తే అనుమానం తీరిపోతుంది. మూత్రం పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. వాంతులు మొదలై పిల్లి నీరసంగా పడిపోయిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. అర్ధరాత్రయినా డాక్టర్‌ను లేపాల్సిందే. ఆ దశలో తిండి మార్చి చూద్దాం, నీళ్లు పట్టిద్దాం అనుకోవడం పనికిరాదు. దారి మూసుకుపోయిన మూత్రపు తిత్తిలోకి ఇంకాస్త నీరు చేరుతుంది, అంతే.

బుజ్జిగాడికి మూత్రం ఆగినప్పుడు మత్తిచ్చి, కాథెటర్ (మూత్రనాళంలోకి దూర్చే సన్నటి గొట్టం) వేసి అడ్డు తొలగించారు. రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) చూశారు, సెలైన్ ఎక్కించారు. కాథెటర్‌ను మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు ఉంచుతారు. అడ్డు తీశాక మూత్రం విపరీతంగా వస్తుంది, అందుకే సెలైన్ వెంటనే ఆపరు. కాథెటర్ తీసేశాక తనంతట తాను ధారగా పోశాడని చూసుకున్నాకే ఇంటికి తెచ్చుకోవాలి. మళ్లీ మూసుకుపోయే భయం మొదటి వారంలోనే ఎక్కువ.

తిండి సంగతి మొదలయ్యేది ఇక్కడే. అసలు జబ్బేమిటో తేలకుండా 'యూరినరీ' అని రాసి ఉన్న ఏ సంచీ కొనొద్దు. ఒకే రకం లక్షణాల వెనక కనీసం మూడు వేర్వేరు జబ్బులుంటాయి. ఒకటి స్ట్రువైట్ రాళ్లు లేదా స్ఫటికాలు. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి, మూత్రం క్షారంగా, చిక్కగా ఉన్నప్పుడు కడతాయి. ఇవి తిండితో కరుగుతాయి. రెండోది కాల్షియం ఆక్సలేట్. ఇది ఏ తిండికీ కరగదు, రాయి పెద్దదైతే ఆపరేషనే. మూడోది రాయీ లేక, ఇన్ఫెక్షనూ లేక తిత్తి వాచిపోయే సిస్టైటిస్. వయసులో ఉన్న పిల్లుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే, బెదురూ ఒత్తిడీ దీన్ని రెచ్చగొడతాయి. సూక్ష్మజీవుల ఇన్ఫెక్షన్ చిన్న వయసు పిల్లుల్లో అరుదు, ముసలివాటిలో ఎక్కువ. కాబట్టి యాంటీబయాటిక్ రాసిచ్చి పంపితే, మూత్రం కల్చర్ (సూక్ష్మజీవులున్నాయేమో పెంచి చూసే పరీక్ష) చేశారా అని అడగండి.

మూత్రపరీక్షకు ఒక మెలిక ఉంది. పట్టిన మూత్రాన్ని గంటలోపే చూడాలి. ఫ్రిజ్‌లో పెట్టినా, ఎక్కువసేపు నిలవుంచినా అందులో లేని స్ఫటికాలు కొత్తగా కడతాయి, పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) కూడా మారుతుంది. నిన్నటి మూత్రంలో కనబడిన స్ఫటికాల్ని నమ్మి ఏళ్ల తరబడి ఖరీదైన తిండి పెట్టేవాళ్లు ఉన్నారు. అసలు ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రంలో కాసిని స్ఫటికాలు కనిపించడం జబ్బు కానే కాదు. ఎక్స్‌రేలో స్ట్రువైట్, ఆక్సలేట్ రెండూ తెల్లగానే కనిపిస్తాయి. అందుకే పీహెచ్, స్ఫటికాల ఆకారం, వయసు అన్నీ కలిపి డాక్టర్ ఒక అంచనాకు వస్తారు. బుజ్జిగాడి మూత్రం పీహెచ్ 7.5, సాంద్రత (మామూలు నీటిది 1.000) 1.055, తిత్తిలో సన్నటి రాళ్లు. అంటే స్ట్రువైట్ కావచ్చు, మూత్రం మాత్రం బాగా చిక్కన.

ఆ రెండో అంకె ముఖ్యం. మూత్రం చిక్కగా ఉన్నంతకాలం ఏదో ఒక ఖనిజం పేరుకునే వీలుంటుంది. రాళ్ల జబ్బుకు సాంద్రతను 1.030 లోపు ఉంచడం లక్ష్యం. స్ట్రువైట్, ఆక్సలేట్, రాయి లేని వాపు, మూడింటికీ పనికొచ్చే మందు నీరొక్కటే. ఆ నీరు గిన్నెలోంచి కన్నా తిండిలోంచే ఎక్కువ వెళ్లాలి, ఎందుకంటే పిల్లికి దాహం తక్కువ.

లెక్క చూడండి. పిల్లికి రోజుకు కిలో బరువుకు సుమారు 50 మి.లీ. నీరు కావాలి. అయిదు కిలోలకు 250. అరవై గ్రాముల డ్రై ఫుడ్‌లో తేమ 8 శాతం, అంటే దక్కేది 5 మి.లీ. మిగతా 245 గిన్నెలో తాగాలి. ఏ పిల్లీ అంత తాగదు. అదే 85 గ్రాముల వెట్ ఫుడ్ పౌచ్‌లో 80 శాతం నీరే, 68 మి.లీ. మూడు పౌచ్‌లు తింటే 204 మి.లీ. తిండితోనే లోపలికి పోతుంది. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో, వాపు జబ్బు ఉన్న పిల్లులకు ఒకే తరహా తిండిని డబ్బాలోది కొన్నిటికి, డ్రై కొన్నిటికి పెట్టి చూశారు. ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది డబ్బా తిన్నవాటిలో 11 శాతానికి, డ్రై తిన్నవాటిలో 39 శాతానికి.

పూర్తిగా వెట్ ఫుడ్ పెట్టాలంటే ఖర్చు మోయడం కష్టం. మేం కుదుర్చుకున్నది రెండు పౌచ్‌లు, 20 గ్రాముల డ్రై, పైన 60 మి.లీ. గోరువెచ్చటి నీళ్లు. ఇదీ దాదాపు 200 మి.లీ.కి చేరుతుంది, కేలరీలూ సరిపోతాయి. నీళ్లు ఒకేసారి గుమ్మరిస్తే వాసన చూసి మొహం తిప్పేసుకుంటాడు. పూటకు ఒక చెంచా, అంటే 5 మి.లీ.తో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి ఒక్కో చెంచా పెంచుకుంటూ పోవాలి. పౌచ్‌ను వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, చేతికి గోరువెచ్చగా తగిలేలా పెడితే వాసన లేచి తింటాడు. నీళ్లు కలిపిన తిండిని ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచొద్దు, పులుస్తుంది. విప్పిన పౌచ్‌ను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాటికల్లా వాడేయాలి.

ఇక ఏ తిండి అన్నది. రాయి కరిగించే దశకు తయారుచేసి, పరీక్షించి అమ్మేవి వెటర్నరీ డైట్‌లు: రాయల్ కానిన్ యూరినరీ ఎస్/ఓ, హిల్స్ ఎస్/డి, సి/డి మల్టీకేర్, ఫార్మినా వెట్ లైఫ్ స్ట్రువైట్. ఇవి మూత్రం పీహెచ్‌ను సుమారు 6.0 నుంచి 6.4 దాకా దించి, మెగ్నీషియం, ఫాస్ఫరస్ తగ్గించి పెడతాయి. ఎస్/డి లాంటివి కరిగించడానికే, ఏళ్ల తరబడి పెట్టేవి కావు. సి/డి, ఫార్మినాలో స్ట్రువైట్ మేనేజ్‌మెంట్ లాంటివి ఆ తర్వాత కొనసాగించడానికి. ఎస్/ఓ లాంటి కొన్నిటిలో దాహం వేయడానికి ఉప్పు కాస్త ఎక్కువే ఉంటుంది. కిడ్నీ, గుండె జబ్బు, బీపీ ఉన్న పిల్లికి డాక్టర్ చెప్పందే అవి పెట్టకూడదు. మామూలు కంపెనీల సంచీ మీద 'యూరినరీ కేర్' అని ఉన్నంత మాత్రాన అవి వీటితో సమానం కావు. రాయి ఉన్నప్పుడు అలాంటివాటిని నమ్ముకుంటే వారాలు వృథా అవుతాయి.

లేబుల్ చదివేటప్పుడు తడి, పొడి తిండిని నేరుగా పోల్చకూడదు. పౌచ్ మీద మెగ్నీషియం 0.018 శాతం, డ్రై సంచీ మీద 0.08 శాతం అని ఉంటే పౌచ్‌లో నాలుగో వంతే ఉందనిపిస్తుంది. నీరు తీసేసి చూడాలి. పౌచ్‌లో 80 శాతం నీరు పోను మిగిలింది 20. 0.018ని 20తో భాగించి వందతో గుణిస్తే 0.09. డ్రైలో 92తో భాగిస్తే 0.087. రెండూ ఒకటే. స్ట్రువైట్ పిల్లికి పొడి లెక్కన 0.1 శాతం లోపు ఉండాలి. 'యాష్ తక్కువ' అన్న మాటకు విలువ లేదు. యాష్ అంటే ఖనిజాలన్నీ కలిపిన మొత్తం, అందులో మెగ్నీషియం ఎంతో దాన్నిబట్టి తెలియదు. మామూలు ఫుడ్‌ల మీద చాలాసార్లు మెగ్నీషియం అంకే వేయరు. కంపెనీకి ఈమెయిల్ పెట్టి అడగండి, చెప్పని కంపెనీది ఇలాంటి పిల్లికి నేనైతే కొనను.

అలాగని ఎంత తక్కువైతే అంత మంచిదనీ కాదు. 1980లలో కంపెనీలు స్ట్రువైట్‌కు భయపడి మెగ్నీషియం తగ్గించి, ఆమ్లం పెంచాక స్ట్రువైట్ రాళ్లు తగ్గి, ఆక్సలేట్ రాళ్లు పెరిగాయి. ఆమ్లం ఎక్కువైన మూత్రంలో కాల్షియం ఎక్కువగా బయటికొస్తుంది. వెటర్నరీ డైట్ పెడుతూ మళ్లీ మూత్రాన్ని ఆమ్లంగా మార్చే మిథియోనిన్ మాత్రలు వేయడం అందుకే ప్రమాదం.

మన ఇళ్లల్లో ప్రేమతో చేసేవి కొన్ని ఇక్కడ చెప్పాలి. మనకు మూత్రంలో మంటగా ఉంటే తాగే సిట్రేట్ సిరప్ పీహెచ్‌ను పెంచుతుంది, స్ట్రువైట్ ఉన్న పిల్లికి అది ఎదురు మందు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, మూత్రం ఆగిన పిల్లికి అసలే పొటాషియంతోనే ముప్పు. కొండపిండాకు, పల్లేరు కషాయాలు పట్టించడానికి నానా తంటాలు పడితే పిల్లి బెదిరిపోవడం తప్ప ఒరిగేది లేదు. నొప్పికి పారాసెటమాల్ ఒక్క ముక్క వేసినా పిల్లి చచ్చిపోవచ్చు. పెరుగన్నం, పాలన్నం మీద బతికే పిల్లి మూత్రం క్షారంగా మారుతుంది. ఎండు నెత్తళ్లలో తలా ముల్లూ అంతా ఉంటుంది కాబట్టి ఫాస్ఫరస్, మెగ్నీషియం, ఉప్పు మూడూ ఎక్కువే. ఉడికించిన చికెన్ ఒక్కటే పెడితే కాల్షియం చాలదు. చికెన్ ఉడికించిన నీళ్లు మాత్రం చక్కగా పనికొస్తాయి, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, అల్లం పేస్టు ఏవీ పడకూడదు. కూర పులుసులోంచి తీసి పెట్టొద్దు.

వెటర్నరీ డైట్ పెడుతున్నంతకాలం వేరే ఏదీ కలపకూడదు, ట్రీట్‌లతో సహా. రోజుకు రెండు ట్రీట్‌లతో కూడా పీహెచ్ పైకెక్కి, రాయి కరగడం ఆగిపోవచ్చు. పాత తిండి నుంచి కొత్తదానికి వారం రోజుల్లో మార్చాలి: మొదట పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు. మొండికేస్తే కడుపు మాడ్చి దారికి తెద్దామనుకోవద్దు. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని అది ఇంకో ప్రాణాంతకమైన జబ్బవుతుంది. ఒక కంపెనీది తినకపోతే డాక్టర్‌ను అడిగి ఇంకోటి చూడండి.

స్ట్రువైట్ అయితే రెండు నుంచి నాలుగు వారాల్లో ఎక్స్‌రేలో రాయి తగ్గడం కనిపించాలి. నెల దాటినా అంతే ఉంటే, ఒకటి వేరే తిండి తింటోంది, లేదా అది స్ట్రువైట్ కాదు. ఎక్స్‌రేలో మాయమయ్యాక కూడా కంటికి ఆనని ముక్కలుంటాయి కాబట్టి ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు అదే తిండి కొనసాగించాలి. బుజ్జిగాడి రాళ్లు కరిగాయి. ఇప్పుడు పీహెచ్ 6.3, సాంద్రత 1.028. మూడు నుంచి ఆరు నెలలకోసారి పరీక్ష తప్పదు. ఇంట్లో పీహెచ్ స్ట్రిప్ చూసుకోవచ్చు గానీ, మనుషుల స్ట్రిప్ మీది సాంద్రత గడి పిల్లులకు పనికిరాదు, సాంద్రత కొలిచే పరికరం రిఫ్రాక్టోమీటర్‌తోనే చూడాలి. మూత్రం పట్టడానికి లిట్టర్ తీసేసి, కడిగి ఆరబెట్టిన అక్వేరియం రాళ్లు పోస్తే సరి.

రోజువారీ కాపలా లిట్టర్ బాక్స్ దగ్గరే. రోజుకు రెండు నుంచి నాలుగు పెద్ద తడి గడ్డలు ఉండాలి. చిన్న చిన్నవి ఎక్కువగా కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి, ఒక్కటీ లేకపోతే అప్పటికప్పుడే. నీళ్ల గిన్నెలు వెడల్పువి, లిట్టర్‌కు దూరంగా, రెండు మూడు చోట్ల పెట్టండి. ఇంట్లో ఇంకో పెద్ద పిల్లి ఉంటే, ఇద్దరికీ సి/డి లాంటిది పెట్టొచ్చా అని డాక్టర్‌ను అడగండి. చాలాసార్లు సరేనంటారు. కూనలకు, చూలు పిల్లులకు మాత్రం ఆ తిండి పెట్టకూడదు. వాటికి వేరే గదిలో తలుపేసి పెట్టి, తినడం అయ్యాక గిన్నె ఎత్తేయాలి.