బొగోటాలో పుప్పొడి లెక్కలు

నా ఉద్యోగం బురదను కరిగించడం. బంధువులకు ఇంతకంటే వివరంగా చెప్పడం ఎప్పుడో మానేశాను.

కొలంబియా రాజధాని బొగోటా ఉన్న పీఠభూమి దాదాపు 2,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఒకప్పుడు ఇదంతా పెద్ద సరస్సు. సుమారు 30 వేల ఏళ్ల కింద ఎండిపోయింది. గాలికి వచ్చి పడిన పుప్పొడి దాని అడుగు బురదలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. నగరానికి పడమర ఫున్జా దగ్గర 586 మీటర్ల లోతుదాకా డ్రిల్ చేసి తీసిన మట్టిలో 20 లక్షల ఏళ్లకు పైబడిన అడవుల చరిత్ర దొరికింది. థామస్ వాన్ డెర్ హామెన్ అనే డచ్ శాస్త్రవేత్త 1950లలో ఇక్కడ మొదలుపెట్టిన పనికి మాది చిన్న కొనసాగింపు.

చిటికెడు బురద మీద ముందు హైడ్రోక్లోరిక్ యాసిడ్, తర్వాత హైడ్రోఫ్లోరిక్. ఇసుకనే తినేసే ఈ రెండోది వాడే రోజు ల్యాబ్‌లో కబుర్లు ఉండవు. అది ఒంటి మీద పడితే పూసుకునే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా పెట్టుకున్నాకే సీసా మూత తీస్తాం. ఆపైన తొమ్మిది పాళ్ల ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, ఒక పాలు సల్ఫ్యూరిక్ యాసిడ్. అందులో నీటి చుక్క పడితే ఎగచిమ్ముతుంది. వాటర్ బాత్‌లో వేడి చేద్దామంటే ఈ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీలకే మరిగిపోతాయి! ఇన్ని యాసిడ్లకూ లొంగకుండా మిగిలేది పుప్పొడి పెంకు.

ఇక మైక్రోస్కోపు. స్లైడుకు కనీసం 300 రేణువులు లెక్కపెట్టాలి. ఇక్కడివాళ్లు అలిసో అనే ఆల్డర్ చెట్టుది చూడగానే తెలుస్తుంది: అంచున నాలుగైదు రంధ్రాలు, వాటిని కలుపుతూ వంపు గీతలు. గడ్డిది గుండ్రంగా, ఒకే రంధ్రంతో ఉంటుంది. ఏ గడ్డో మాత్రం చెప్పలేం.

మా సీనియర్ టెక్నీషియన్‌కు రోబ్లే, అంటే ఓక్, అచ్చంగా ఈ కొండల చెట్టు. నిజానికి అలిసో సుమారు 10 లక్షల ఏళ్ల కింద, ఓక్ గత ఐదు లక్షల ఏళ్లలోపే, పనామా మీదుగా ఉత్తరం నుంచి వచ్చాయి. ఆ మాటే అంటే, "అయితే ఏంటి డాక్టర్, ఇంకెన్నాళ్లు ఉండాలంటారు?" అని ఆవిడ నవ్వేసింది. ఏటేటా వీసా కాగితాలతో కుస్తీ పట్టే నేను ఏం జవాబిస్తాను?

నాకు అసలు టెన్షన్ ఏ పుప్పొడి ఎంత ఉందో చెప్పే శాతాలతోనే. అలిసో కింది లోయల్లో పెరిగినా, దాని పుప్పొడి గాలికి అడవి కంటే పైన ఉండే పారమో గడ్డిమైదానాల దాకా ఎక్కిపోతుంది. అక్కడే పెరిగే ఫ్రైలెహోన్ అనే మొక్క పరాగసంపర్కానికి పురుగుల మీద ఆధారపడుతుంది కాబట్టి దాని పుప్పొడి తక్కువగా దొరుకుతుంది. కాబట్టి స్లైడులో ఏది ఎక్కువుంటే కొండ మీద అదే ఎక్కువుందని అనుకోకూడదు. దీన్ని సరిచూసుకోవడానికి వేర్వేరు ఎత్తుల్లో నాచు ఏరుకొచ్చి, అందులో చిక్కిన ఇప్పటి పుప్పొడినీ లెక్కపెడతాం.

గత మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు అడవి పైఅంచు దాదాపు 2,000 మీటర్లకు దిగిపోయింది. అంటే ఈ నగరం ఉన్నచోట చెట్లు లేని పారమో ఉండేది. అలాంటి మాట రాసేముందు అలిసోను కలిపి ఒక గ్రాఫ్, తీసేసి ఒక గ్రాఫ్ గీస్తాం. రెండింట్లోనూ చెట్ల గీత ఒకేచోట పడిపోతేనే అడవి కిందికి దిగిందని రాస్తాం.