వర్డ్‌లో వెబ్ పేజీ: నేను రెండుసార్లు తప్పు పెట్టిన ప్రశ్న

కంప్యూటర్ పేపర్‌లో ఎంఎస్ వర్డ్ టాపిక్ అనగానే షార్ట్‌కట్ కీలు బట్టీ పట్టి "ఇది తెలిసిందేలే" అనుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. వెబ్ పేజీగా సేవ్ చేయడం మీద మాక్ టెస్టుల్లో వరసగా రెండుసార్లు తప్పు పెట్టాక గానీ పుస్తకం మూసి సిస్టమ్ ముందు కూర్చోలేదు.

నాలుగు లైన్లు టైప్ చేసి, మధ్యలో ఒక ఫొటో పెట్టి, ఎఫ్12 నొక్కాను. సేవ్ యాజ్ బాక్స్ వస్తుంది. అందులో ఫైల్ టైపుల దగ్గర మనకు కావలసినవి మూడు: వెబ్ పేజ్, సింగిల్ ఫైల్ వెబ్ పేజ్, వెబ్ పేజ్ ఫిల్టర్డ్. ఒకే డాక్యుమెంట్‌ని మూడు రకాలుగానూ సేవ్ చేసి చూడండి, పది నిమిషాల పని.

వెబ్ పేజ్ అని ఇస్తే హెచ్‌టిఎం ఫైల్‌తో పాటు అదే పేరు చివర 'అండర్‌స్కోర్ ఫైల్స్' తగిలించిన ఫోల్డర్ ఒకటి పుడుతుంది. ఫొటో ఉండేది అందులోనే. నేను ఆ ఫోల్డర్‌ని పట్టించుకోకుండా హెచ్‌టిఎం ఒక్కటే మెయిల్ చేసుకుని వేరే సిస్టమ్‌లో తెరిచాను. అక్షరాలన్నీ ఉన్నాయి, ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా! సింగిల్ ఫైల్‌కి ఈ బాధ లేదు. ఫొటోతో సహా అంతా ఒకే ఎంహెచ్‌టి ఫైల్‌లో ఇమిడిపోతుంది. ఆ రెండు ఎక్స్‌టెన్షన్లూ ఆ రోజు నుంచి కలగాపులగం కాలేదు.

ఫిల్టర్డ్ సంగతి అర్థం కావాలంటే నోట్‌ప్యాడ్ కావాలి. మామూలు వెబ్ పేజీని అందులో తెరిస్తే, నా నాలుగు లైన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికే బోలెడంత స్క్రోల్ చేయాల్సి వచ్చింది. అడుగడుగునా 'ఎంఎస్ఓ' అని మొదలయ్యే కోడ్. తర్వాత మళ్లీ వర్డ్‌లో ఎడిట్ చేసుకోవడానికి వీలుగా అది దాచుకునే సరంజామా అది. ఫిల్టర్డ్‌లో చాలావరకు తీసేస్తుంది కాబట్టి ఫైల్ చిన్నదవుతుంది. ఫొటోల ఫోల్డర్ మాత్రం దీనికీ ఉంటుంది, ప్రశ్నకిచ్చే ఆప్షన్లలో మెలిక పెట్టడానికి అనువైన చోటు ఇదే.

పేజీ బ్రౌజర్‌లో ఎలా ఉంటుందో వర్డ్‌లోనే చూపించే వెబ్ లేఅవుట్ వ్యూ, హైపర్‌లింక్‌కి కంట్రోల్ కె లాంటివి ఒకసారి చూస్తే చాలు. బ్రౌజర్‌లో హెడర్, ఫుటర్ కనిపించవన్నది మాత్రం గుర్తుంచుకోండి. ఇంకొకటి, అదే సేవ్ బాక్స్‌లో చేంజ్ టైటిల్ అనే బటన్ ఉంటుంది. అక్కడ ఇచ్చేది బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే పేరు, ఫైల్ పేరు కాదు. ఇక్కడ నేను ఇప్పటికీ ఒక్కోసారి తడబడతాను.