కరకట్టే మా గ్రౌండు

మన బడికి ఆటస్థలం లేదు. పొద్దున ప్రార్థనకు వరసలు కడితేనే పదో తరగతి వాళ్లు మెట్ల మీద నిలబడాల్సి వచ్చేది. అలాంటి చోట పరుగు నేర్పాలనుకున్నారు మా డ్రిల్లు మాస్టారు. ఆయన చేసిందల్లా గేటు తీయించి మమ్మల్ని బయటికి నడిపించడమే. బయట కృష్ణానది ఉంది. ఒక పక్క సీతానగరం కొండ, ప్రకాశం బ్యారేజీ. ఇంకో పక్క కరకట్ట, ఉండవల్లి గుహలు, వాటి వెనక మంగళగిరి. ఇంత చోటు పెట్టుకుని గ్రౌండు లేదని ఏడవడం ఎందుకన్నది ఆయన వాదన.

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికకు ఏం రాయాలా అని ఆలోచిస్తే నాకు తరగతి గదుల కంటే ముందు ఆ రూట్లే గుర్తొచ్చాయి. తొంభైల మొదట్లో చదువుకున్న మా బ్యాచ్ అమ్మాయిలకు ఈ లోయ చరిత్ర పుస్తకంలో కన్నా ముందు కాళ్ల ద్వారా తెలిసింది. ఆ సంగతి ఇప్పుడు అదే బడిలో చదువుతున్న పిల్లల కోసం రాస్తున్నాను.

మాస్టారు కిలోమీటర్లు చెప్పేవారు కాదు. బ్యారేజీ రూటు, గుహల రూటు, గోపురం రూటు, అంతే. పరుగు ఎక్కడ ఆగుతుందో అక్కడ ఒక కథ ఉండేది. ఆ కథ బడిలో చెప్పేవారు కాదు. పరుగెత్తి అక్కడికి చేరినవాళ్లకే చెప్పేవారు. నడుచుకుంటూ వెనక వచ్చినవాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి ఓపిగ్గా చెప్పేవారు కూడా.

ఆరో తరగతి వాళ్లకు బ్యారేజీ రూటు. సీతానగరం వైపు నుంచి ఎక్కి విజయవాడ చివర దాకా పోయి వెనక్కి రావాలి. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. మేము ఖానాలు, అంటే ఒక్కో గేటు ఉన్న సందులు, లెక్కపెట్టుకుంటూ పోయేవాళ్లం. ముప్పయ్యో ఖానా దాటేసరికి ఊపిరి అందేది కాదు, యాభై దాటితే మళ్లీ దారిలో పడేది. అప్పటికి నది మీద రెండో వంతెన, కనకదుర్గ వారధి, ఇంకా రాలేదు. లారీలు, బస్సులు అన్నీ బ్యారేజీ మీదుగానే. అందుకే తెల్లవారక ముందే, ఒకరి వెనక ఒకరు, పిట్టగోడ పక్కనే పరుగెత్తాలి. వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు నిండుగా నీళ్లు, ఆ మీద నుంచి వచ్చే చల్లగాలి. కుడి వైపు వేసవిలో అయితే ఇసుక తిన్నెలు, మడుగులు. ఒకే నది రెండు పక్కలా రెండు రకాలుగా ఎందుకుందని అడిగినవాళ్లకే మాస్టారు కథ మొదలుపెట్టేవారు.

ఇటు సీతానగరం కొండ, అటు ఇంద్రకీలాద్రి. ఈ రెంటి మధ్య నది ఇరుకవుతుంది. ఆనకట్టకు ఇదే అనువైన చోటని సర్ ఆర్థర్ కాటన్ పట్టుబట్టారు. కెప్టెన్ ఆర్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. దాదాపు వందేళ్లు ఆ ఆనకట్టే రెండు వైపులా డెల్టాకు నీళ్లిచ్చింది. 1952లో దానికి గండి పడింది. ఆ తర్వాత కట్టిందే ఇప్పటి బ్యారేజీ, 1957లో పూర్తయింది. ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు అదే ఏడాది మే నెలలో కన్నుమూశారు. ఆయన పేరే దీనికి పెట్టారు. ఇదంతా చెప్పి మాస్టారు మమ్మల్ని కాలువ తల దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టేవారు. "తెనాలి, రేపల్లె, బాపట్ల అన్నం తింటున్నాయంటే ఈ నీళ్ల వల్లే. చూడండమ్మా బాగా" అనేవారు. మా అమ్మమ్మ వాళ్లది తెనాలి పక్క పల్లె. సెలవులకు వెళ్లినప్పుడు వాళ్ల చేలో పారే నీళ్లు మా బడి దగ్గరి నుంచే వచ్చాయని తెలిశాక నాకు ఆ కాలువ మీద ఒక రకమైన హక్కు ఏర్పడినట్టు అనిపించేది.

వేసవిలో బ్యారేజీ దిగువ ఇసుకలో పరుగు. ఇది అందరికీ కష్టంగా ఉండేది, నాకు మాత్రం చాలా ఇష్టం. ముందు పొడి ఇసుకలో, తర్వాత నీటి అంచున తడి ఇసుకలో, చెప్పుల్లేకుండా. మాస్టారు మా వైపు చూసేవారు కాదు. మేము పోయాక వంగి మా అడుగులు చూసేవారు. మడమ దగ్గర గుంట లోతుగా పడితే అడుగు మరీ ముందుకు వేస్తున్నట్టు. వేళ్ల దగ్గర ఇసుక వెనక్కి చిమ్మి ఉంటే బలం వృథా అవుతున్నట్టు. ఒక పాదం గుర్తు బయటికి తిరిగి ఉంటే ఆ పిల్లకు తుంటి దగ్గరో మోకాలి దగ్గరో నొప్పి ఉందేమో అని పిలిచి అడిగేవారు. ఎవరి అడుగు ఏదో పేరు పెట్టి చెప్పగలిగేవారు. నేను ఫిజియోథెరపీ చదివి, ట్రెడ్‌మిల్ పక్కన కెమెరా పెట్టి నడక తీరు పరిశీలించడం నేర్చుకున్నప్పుడు, ఇదంతా మాకు ముందే కృష్ణ ఇసుకలో చెప్పారు కదా అనుకున్నాను. నా వృత్తికి మూలం అక్కడే ఉంది.

ఎనిమిదో తరగతి నుంచి గుహల రూటు. కరకట్ట మీద పడమరగా పోయి ఉండవల్లి దగ్గర దిగాలి. పొద్దున పూట ఎండ వీపున ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు హాయి, తిరిగి వచ్చేటప్పుడు సూటిగా కళ్లలో. కట్టకు అటూ ఇటూ జరీబు భూములు, అంటే నది పక్కన ఏడాదంతా పండే సారవంతమైన నేలలు. అరటి, జామ, కూరగాయలు, పూలతోటలు, ఏడాది పొడుగునా ఏదో ఒకటి పచ్చగా ఉండేది. మేము పంజాబీ డ్రెస్సుల్లో, చున్నీ నడుముకు బిగించి కట్టుకుని పరుగెత్తేవాళ్లం. మల్లెలు కోస్తున్న ఆడవాళ్లు నడుం ఎత్తి చూసేవారు. "ఎవరు తరుముతున్నారే మిమ్మల్ని పొద్దున్నే?" అని ఒక ముసలామె అరిచింది. అదే అవ్వ పది రోజుల తర్వాత మేము దాటే వేళకు చెంబుతో నీళ్లు పట్టుకుని గట్టు మీద నిలబడేది.

అమ్మాయిలను కట్ట మీద పరిగెత్తించడం ఊళ్లో అందరికీ నచ్చలేదు. మా ఇంట్లోనూ నాన్నకు టెన్షనే. మాస్టారు ఎవరితోనూ వాదించలేదు. ఒక్కో ఇంటికి వెళ్లి, "మీరూ సైకిల్ మీద వెనకాల రండి, చూడండి" అన్నారు. మా నాన్న కొన్నాళ్లు అలాగే వచ్చారు. గుహల దగ్గర కథ విన్నాక ఆయనా వదల్లేదు.

ఉండవల్లి గుహల దగ్గర మాస్టారి నియమం ఒకటి. మెట్ల మీద పరుగు పనికిరాదు. ఊపిరి కుదుటపడ్డాక పైకెక్కి, ప్రతి ఒక్కరూ ఇంతకు ముందు చూడనిది ఒక్కటి చూసి వచ్చి చెప్పాలి. నాలుగంతస్తుల గుహ, విష్ణుకుండినుల కాలం నాటిదని చెబుతారు. మూడో అంతస్తులో ఒకే రాతిలో చెక్కిన అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు. అందరూ ఆయన్నే చూసి వచ్చేస్తారు. మాకు అది చెల్లదు కదా. ఒకమ్మాయి బయట అంచున కూర్చున్న రుషుల విగ్రహాల గురించి చెప్పింది. వాళ్లు చూసే వైపే తిరిగి కూర్చుంటే పొలాలన్నీ కనిపిస్తాయంది. నేను కింది అంతస్తులో సగంలో ఆపేసిన పని చూశాను. స్తంభాలు లేచాయి కానీ నునుపు చేయలేదు. ఉలి గాట్లు పక్కపక్కనే, ఒకే వాలుగా ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే ఒక్కో గాటు లోతు తెలుస్తుంది. ఆ మనిషి కుడి చేతి వాటం అయి ఉంటాడా అని అడిగాను. మాస్టారు కాసేపు ఆ గాట్లు చూసి, "అలా అడగడం నేర్చుకో, అది చాలు" అన్నారు.

వానాకాలంలో ఈ రూటు బంద్ అయ్యేది. కొండవీటి వాగు ఇక్కడే కృష్ణలో కలుస్తుంది. నది నిండుగా ఉంటే వాగు నీళ్లు పోవడానికి దారి లేక వెనక్కి ఎగదన్ని పొలాల్లో పడతాయి. కట్ట ఎక్కి చూస్తే రెండు వైపులా నీళ్లే. అప్పుడు మాకు బడి వరండాలో గుంజీలు.

గోపురం రూటు తొమ్మిది, పది వాళ్లకు. పెనుమాక, ఎర్రబాలెం మీదుగా మంగళగిరి. ఈ దారిలో ఉన్న సుఖం ఏమిటంటే చేరాల్సిన చోటు చాలాసేపు కంటి ముందే ఉంటుంది. కొండ, దాని ముందు గాలిగోపురం, 11 అంతస్తులు, 153 అడుగులు. 1807-09 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించారు. ఊళ్లోకి వచ్చేసరికి గుంట మగ్గాల చప్పుడు మొదలై ఉండేది. కొండ మీద పానకాల స్వామి ప్రసాదం పానకం. బెల్లం, మిరియాలు, యాలకుల నీళ్లు. చెమట కారి ఒళ్లు వడిలినప్పుడు ఒక గ్లాసు పానకం ఎలా పని చేస్తుందో ఇప్పుడు నా దగ్గరికి వచ్చే అథ్లెట్లకు వివరంగా చెబుతుంటాను.

అమరావతి రూటు బడిలో ఉండగా మాకు లేదు. మాస్టారు దాని గురించి చెప్పేవారంతే. "అది పెద్దయ్యాక మీరే పెట్టుకోండి" అనేవారు. పెట్టుకున్నాం. మా బ్యాచ్ వాళ్లం కొందరం కలిసి, సీతానగరం నుంచి కరకట్ట పట్టుకుని వెంకటపాలెం, ఉద్దండరాయునిపాలెం, రాయపూడి, వైకుంఠపురం మీదుగా. ముప్పై కిలోమీటర్ల పైమాట. ఒక్కరే అంతా పరుగెత్తనక్కర్లేదు, వంతులు వేసుకోవచ్చు. 2015 అక్టోబరులో రాజధానికి శంకుస్థాపన జరిగింది ఉద్దండరాయునిపాలెంలోనే. ఇప్పుడు లోపలగా రాజధానికి వేసిన వెడల్పాటి సీడ్ యాక్సెస్ రోడ్డు ఉంది. చాలామంది దాని మీద పరుగెత్తుతున్నారు. నా మాట వినేవాళ్లకు చెబుతాను, తారు, సిమెంటు రోడ్డు మోకాళ్లకు భారం, పైగా నీడ లేదు. కట్ట అంచున మట్టి దొరికినంత మేర మట్టి మీదే పోండి. నది కూడా కనిపిస్తుంది.

అమరావతిలో మా పరుగు ఆగేది అమరేశ్వరుడి గుడి దగ్గర కాదు, బౌద్ధుల మహాస్తూపం దగ్గర. ఊరివాళ్లు ఆ దిబ్బను దీపాలదిన్నె అనేవారు. గాలిగోపురం కట్టించిన వెంకటాద్రి నాయుడే ఇక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు ఇటుకలు, రాళ్ల కోసం తవ్వితే చెక్కిన పలకలు బయటపడ్డాయి. ఆ సంగతి విని కల్నల్ కాలిన్ మెకంజీ 1797లో వచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలను మద్రాసుకు పంపాడు. వాటిలో చాలా లండన్ చేరాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవి ఎక్కువగా చెన్నై మ్యూజియంలో. ఇక్కడ మనకు దక్కింది గుండ్రటి ఇటుక పీఠం, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాళ్లు, పక్కన మ్యూజియంలో ఉన్నవి. అంత దూరం కాళ్లతో వచ్చి ఆ ఖాళీ పీఠం చుట్టూ ప్రదక్షిణగా నడిస్తే పోయింది ఎంతో బాగా తెలుస్తుంది. మాలో ఒకామె అక్కడే కూర్చుని ఏడ్చింది. చెన్నైలో ఆ పలకలు చూసి వచ్చిన మనిషి ఆమె.

అవతలి ఒడ్డు గురించి కొద్దిగా. భవానీపురం, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం హైవే మీద పిల్లల్ని పరుగెత్తించవద్దు. కొండపల్లి కోట చూపించాలంటే బస్సులో కొండ కింది దాకా తీసుకెళ్లి ఘాట్ రోడ్డు ఎక్కించండి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. ఎక్కేటప్పుడు పిక్కలకు మంచి పని.

2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. పడవలు కొట్టుకొచ్చి గేట్లను ఢీకొన్నాయి. 67, 69 ఖానాలని టీవీలో చెబుతుంటే మా బ్యాచ్ గ్రూపులో ఒకటే మెసేజ్‌లు. ఆ నంబర్లు మాకు ముఖాల్లాగా తెలుసు. ఇప్పుడు మన బడిలో ఉన్న పిల్లల్లో ఎంతమంది బ్యారేజీని ఈ కొస నుంచి ఆ కొసకు కాలినడకన దాటారని మొన్న వెళ్లినప్పుడు అడిగాను. చేతులు తక్కువే లేచాయి. నాకు చాలా బాధనిపించింది.

ఈసారి పూర్వ విద్యార్థుల డబ్బుతో స్వాగత ద్వారం కట్టిద్దామని ప్రతిపాదన వచ్చింది. ఆ డబ్బు రూట్లకు పెడదామని కమిటీని కోరుతున్నాను. ఆరో తరగతి నుంచి పది దాకా పిల్లలకు బూట్లు, దారిలో మంచినీళ్లు, ముందూ వెనకా సైకిళ్ల మీద ఇద్దరేసి పెద్దవాళ్లు, ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె. ఫస్ట్ ఎయిడ్, కాళ్ల పరీక్ష నేను చూసుకుంటాను. కథలు చెప్పడానికి చరిత్ర చదివిన మన బ్యాచ్‌ల వాళ్లు పేర్లివ్వండి. సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చే మొదటి ఆదివారం, పొద్దున అయిదున్నరకు సీతానగరం ఘాట్ దగ్గర కలుద్దాం. మొదటి రోజు బ్యారేజీ రూటే. పిల్లల్ని, వీలైతే వాళ్ల అమ్మానాన్నల్ని కూడా తీసుకురండి.