అన్నదమ్ములంతా జనవరి 1నే పుట్టారా?

సత్యవేడు, సూళ్లూరుపేట పక్క యానాది గిరిజనుల కాలనీల్లో ఆధార్ కార్డులు వరసగా పెట్టి చూడండి. అన్నకి 01-01, తమ్ముడికి 01-01, చెల్లెలికీ అదే. కాగితం లేక వయసు నోటితో చెబితే పడే తేదీ అది. బడిలో చేర్చేటప్పుడు, పెన్షన్ వయసు లెక్కకట్టేటప్పుడు ఇదే అడ్డం పడుతుంది. పైగా పుట్టిన తేదీ దిద్దుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే. అందుకే ముందు ఆధార్ సెంటర్‌కి పరిగెత్తకుండా జనన ధ్రువపత్రం సంగతి చూడండి.

కాన్పయిన 21 రోజుల్లో చెబితే ఖర్చే లేదు. 30 రోజులు దాటితే అనుమతి, ఏడాది దాటితే ఆర్డీవో స్థాయి ఉత్తర్వు కావాలి. రొయ్యల గుంట కాపలా గుడిసెలోనో, ఇటుక బట్టీ దగ్గరో కాన్పయితే ఆసుపత్రి చీటీ ఎక్కడుంటుంది? ఏఎన్ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ పుస్తకం వెతకాలి. బిడ్డ పేరు లేకుండా నమోదైనా కంగారొద్దు, తర్వాత చేర్చుకోవచ్చు.

కుల ధ్రువపత్రంలో ఇంకో తిరకాసు. రెడ్డి యానాది, చెల్లా యానాది రెండూ ఎస్టీ జాబితాలో ఉన్నవే. దరఖాస్తులో "రెడ్డి" ఒక్కటే టైపైందా, మనిషి ఓసీ అయిపోతాడు! గ్రామ సచివాలయంలో రసీదు ఇవ్వగానే అక్కడే నిలబడి అక్షరం అక్షరం చదవండి. విచారణకి వీఆర్వో వచ్చేసరికి గుడిసె తాళమేసుంటే దరఖాస్తు ఆగిపోతుంది కాబట్టి బట్టీ పనులకి కదలకముందే పెట్టించాలి. "రేపు రా" అన్న ప్రతిసారీ ఒక కూలి పోతుంది. తోడు పోయేవాళ్లు ఆఫీసులో మనిషి ఉన్నాడో లేడో ముందే ఫోన్‌లో కనుక్కోండి.