పుషప్స్ లాగ్: గోడ దగ్గర మొదలై నేల దాకా

1, 2 వారాలు: ఎత్తు

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే కనిపించే కొత్తవాళ్లలో చాలామంది నేరుగా నేల మీదకే దిగుతారు. మూడో పుషప్‌కే నడుము జారిపోతుంది, నాలుగోది మెడతో తీస్తారు. ఒంట్లో సత్తువ లేక కాదు, ఉన్న సత్తువకు మించిన బరువు మొదటిరోజే ఎత్తుకోవడం వల్ల.

మామూలు పుషప్‌లో ఒంటి బరువులో దాదాపు 64 శాతం చేతుల మీద పడుతుంది. 70 కిలోల మనిషికి అది 45 కిలోలు. అవే చేతులు 30 సెంటీమీటర్ల ఎత్తున ఆనిస్తే 55 శాతం, 60 సెంటీమీటర్లకైతే 41 శాతం. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటే రెండు చేతులూ దాని మీద పెట్టి చూసుకోవచ్చు.

అందుకే వరస ఇలా పెట్టుకున్నాం: ముందు గోడ, తర్వాత వంటింటి గట్టు, ఆపైన అపార్ట్‌మెంట్ మెట్లు. ఒక్కో మెట్టు సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి కాళ్లు నేల మీదే ఉంచి, చేతులు నాలుగో మెట్టు నుంచి ఒక్కొక్కటిగా కిందికి దించుకుంటూ రావచ్చు. ఒక ఎత్తులో 12 చొప్పున 3 సెట్లు (విడతలు) శుభ్రంగా వస్తేనే కింది మెట్టు. 12వది వంకర పోతే ఆ వారం అక్కడే. సెట్ల మధ్య 90 సెకన్ల నుంచి 2 నిమిషాల విశ్రాంతి, వారానికి మూడు రోజులు. స్టీల్‌ప్లాంట్‌లో నైట్‌షిఫ్ట్ దిగి వచ్చేవాళ్లు ఆ పొద్దున ఒక సెట్ తగ్గించుకోవడమే మంచిది.

మోకాళ్ల మీద తీసే పుషప్స్ కంటే మెట్ల పద్ధతికే మా ఓటు. మోకాళ్ల మీద బరువు తగ్గే మాట నిజమే కానీ, తల నుంచి మడమ దాకా ఒంటిని బిగపట్టే పని నడుముకు అలవాటు కాదు. నేల మీదకు వచ్చిన రోజున ఆ లోటు బయటపడుతుంది.

3వ వారం: చేతులు ఎక్కడ పెట్టాలి

ఎక్కువ సమయం దీనికే ఇచ్చాం. 'చేతులు భుజాల వెడల్పున' అని అందరూ చెప్తారు. కానీ మోచేతి పైభాగం పొడుగ్గా ఉన్నవాళ్లకూ పొట్టిగా ఉన్నవాళ్లకూ ఒకే కొలత ఎలా సరిపోతుంది? కొలత పైన ఉన్నప్పుడు కాదు, కిందికి దిగినప్పుడు తీసుకోవాలి.

మ్యాట్ మీద బోర్లా పడుకోండి. అరచేతులు ఛాతీ కింది భాగానికి అటూ ఇటూ ఆనించండి. ఇప్పుడు మణికట్టు నుంచి మోచేయి దాకా ఉన్న భాగం నిట్టనిలువుగా ఉందా అని ఒకరిని చూడమనండి, లేదా ఫోన్‌లో వీడియో తీయండి: ఒకసారి పక్క నుంచి, ఒకసారి తలవైపు నుంచి. పక్క నుంచి చూసినప్పుడు మోచేయి మణికట్టు కంటే కాళ్లవైపు ఉంటే చేతులు మరీ ముందుకు పెట్టారన్నమాట. తలవైపు నుంచి చూసినప్పుడు మోచేతులు మణికట్ల కంటే బయటికి ఉంటే చేతులు దగ్గరైపోయాయి, లోపలికి ఉంటే దూరమైపోయాయి. నిలువు కుదిరిన చోట సుద్దముక్కతో గీత గీసుకోండి. అదే మీ చోటు.

అప్పుడు మోచేతులు పక్కటెముకల నుంచి 45 డిగ్రీలు, కొందరికి ఇంకాస్త తక్కువ కోణంలో ఉంటాయి. 90 డిగ్రీలకు తెరుచుకుంటే కొన్నాళ్లకు భుజం ముందు భాగం పట్టేస్తుంది.

అరచేతిని దగ్గరగా చూడండి. వేళ్లు విప్పి ఉండాలి, చూపుడువేలి మొదట్లో ఉండే గుబ్బ నేలకు నొక్కుకుని ఉండాలి. అది లేచిందంటే బరువంతా అరచేతి మడమ మీదకు, అక్కణ్ణుంచి మణికట్టుకు పోతుంది. పొడి ఇసుకలో జరిగేది ఇదే: అరచేతి మడమ లోపలికి దిగబడి మణికట్టు మరింత వంగుతుంది. ఇసుకలో తీయాలనుకుంటే అల తడిపి గట్టిపడిన చోట తీయండి, లేదా నడకదారి మీదకు వచ్చేయండి. పిట్టగోడ మీద తీసేవాళ్లు ముందు తువ్వాలుతో తుడవాలి. సముద్రపు తేమకు, చెమటకు చెయ్యి జారిందంటే గడ్డం గోడకు తగులుతుంది.

రోజంతా మౌస్ పట్టుకునే రుషికొండ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు మణికట్టు వెనక్కి పూర్తిగా వంగడం కష్టం. వాళ్లకు పుషప్ బార్లు (నేల మీద పెట్టి పట్టుకునే పిడులు), లేదా మడతపెట్టిన తువ్వాలు మీద పిడికిళ్లు. మణికట్టు తిన్నగా ఉంటే నొప్పి చాలావరకు తగ్గుతుంది.

4, 5 వారాలు: తరచూ చెడేవి

నడుము జారడం: పిరుదులు బిగించకపోవడమే కారణం. మడమలు రెండూ కలిపి నొక్కిపెడితే వాటంతటవే బిగుసుకుంటాయి.

తల ముందు దిగడం: చూపు వేళ్లకు జానెడు ముందు ఉంచాలి. ముక్కు కాదు, ఛాతీ ముందు చేరాలి.

సగం సగం దిగడం: ఛాతీ కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టి, అది తగిలితేనే లెక్క.

పొట్ట ఉన్నవాళ్లకు ఛాతీ కంటే ముందు పొట్టే నేలకు తగులుతుంది. దాన్ని తప్పించడానికి నడుము పైకెత్తేస్తారు. చేతుల కింద రెండు ఇటుకలు పెడితే ఈ చిక్కు పోతుంది. ఇటుకలు కదలకుండా పడుకోబెట్టి పెట్టాలి.

దిగేటప్పుడు గాలి పీల్చడం, లేచేటప్పుడు వదలడం. ఊపిరి బిగపడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, కాబట్టి బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి.

తాలింఖానా (పాతకాలపు వ్యాయామశాల) దండీల సంగతి కూడా అడుగుతున్నారు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తినాయుడి ప్రాంతం మనది, దండీలంటే మనకు మక్కువ ఉండటం సహజం. కానీ నడుము పైకెత్తి, ముందుకు జారి, ఛాతీ లేపే ఆ కదలికలో భుజం చాలా దూరం తిరుగుతుంది, వీపు బాగా వంగుతుంది. మామూలు పుషప్స్ 15 నొప్పి లేకుండా తీసేదాకా ఆగండి.

6వ వారం నుంచి: నేల

రెండో మెట్టు మీద 12 చొప్పున 3 సెట్లు వచ్చినా నేల మీద ఒక్కటీ రానివాళ్లు ఉంటారు. వాళ్లకు దిగడం మాత్రమే పని: చాచిన చేతుల నుంచి 5 సెకన్లు లెక్కపెడుతూ ఛాతీ నేలకు ఆనించాలి, మోకాళ్లు ఆనించి పైకి రావాలి. 4 చొప్పున 3 సెట్లు. దిగే 5 సెకన్లలో ఎక్కడ ధడాలున పడుతున్నారో అక్కడే బలం తక్కువ. తర్వాతి రోజు ఆ ఎత్తులో 2 సెకన్లు ఆగడం కలపండి.

నేల మీద 20 దాటినవాళ్లు అంకె పెంచుకుంటూ పోవడం కంటే కాళ్లు 30 సెంటీమీటర్ల ఎత్తున పెట్టడం మేలు, బరువు 70 శాతానికి చేరుతుంది. కాళ్లు పైకి వెళ్లగానే నడుము మళ్లీ జారడం మొదలవుతుంది కనుక మొదటి రెండు వారాలు 6 కంటే ఎక్కువ తీయొద్దు. సుద్దగీత కూడా కొత్తగా గీసుకోవాలి, ఈ కోణంలో చేతుల చోటు కాస్త మారుతుంది.