గాల్లో వేలాడే లాంతరు, మా పిల్లల తెలుగు

బయటి దేశంలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా ముందు వచ్చే మాట ఒకటే, పిల్లలకి తెలుగు అర్థమవుద్ది కానీ మాట్లాడరండీ అని. మా ఇంట్లో కొంచెం వేరే రకం. మాట్లాడతారు, కాకపోతే ఆ తెలుగంతా రా, తిను, పడుకో, ఆ ఫోన్ పక్కన పెట్టు దగ్గరే ఆగిపోయింది, కాస్త బుర్ర పెట్టాల్సిన విషయం వచ్చిందంటే టక్కున ఇంగ్లీష్‌లోకి వెళ్ళిపోతారు. నాకు ఎక్కువ బాధ అక్కడే. ఈ మధ్య అది కొంచెం కదిలింది, కదిలించింది మా పెద్దమ్మాయి ఒక గేమ్ కోసం రాసిన లాంతరు బ్లాక్, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

గేమ్ పేరు లువాంటీ. 2010లో పెర్టు అహోలా అనే ఆయన మొదలుపెట్టారు, 2024 దాకా దాని పేరు మైన్‌టెస్ట్. అందులో ప్రపంచమంతా చిన్న చిన్న బ్లాకులతోనే కట్టి ఉంటుంది. గేమ్ అనేకంటే ఇంజన్, అంటే గేమ్‌లని నడిపించే పునాది ప్రోగ్రామ్ అనడం కరెక్ట్, లోపలి భాగం సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది, బ్లాకులు ఎలా ప్రవర్తించాలనేది మాత్రం లువా అనే చిన్న భాషలో ఎవరైనా రాసుకోవచ్చు. సోర్స్ అంతా ఓపెన్, అంటే లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు. పిల్లలకి దీంట్లో నాకు నచ్చిందేంటంటే, ఏదైనా వింతగా జరిగితే "అది అంతే" అని వదిలేయక్కర్లేదు, ఎందుకలా జరిగిందో ఫైల్ తెరిచి చూసుకోవచ్చు.

మా అమ్మాయి వేలాడే లాంతరు చేసింది. పైకప్పుకి తగిలించింది, బానే ఉంది, వాళ్ళ తమ్ముడొచ్చి పైనున్న రాయి తవ్వేశాడు, లాంతరు మాత్రం గాల్లో అలాగే నిలబడింది. దీనికి లువాంటీలో అటాచ్డ్ నోడ్ అని ఒక గ్రూప్ ఉంది, గ్రూప్ అంటే బ్లాక్‌కి తగిలించే లేబుల్ లాంటిది. (వాళ్ళు బ్లాక్ అనరు, నోడ్ అంటారు, ఇది నాకు తలకెక్కడానికి టైం పట్టింది.) ఆ గ్రూప్‌కి 3 ఇస్తే కిందున్న నోడ్‌ని పట్టుకుని ఉంటుంది, 4 ఇస్తే పైనున్నదాన్ని. పట్టుకున్నది పోతే తను కూడా ఐటమ్‌గా, అంటే ఏరుకునే వస్తువుగా మారి కింద పడిపోతుంది. అమ్మాయి 4 పెట్టింది, పని అయిపోయిందనుకుంది.

ఆ వారం వీడియో కాల్‌లో మా నాన్నగారు ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే ఇది చెప్పడం మొదలుపెట్టింది, ఇంగ్లీష్‌లో. ఆయన ఆపి, "నాకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పు తల్లీ, తొందరేం లేదు" అన్నారు. అది తడుముకుంటూ తడుముకుంటూ, "పైన రాయి ఉంటే ఉంటుంది తాతయ్యా, లేకపోతే పడిపోద్ది" అంది. ఆయన ఊరుకోలేదు, "మరి పైన నీళ్ళుంటే?" అన్నారు. దాని దగ్గర జవాబు లేదు. వెళ్ళి డాక్యుమెంటేషన్ చదివింది, ఇంజన్ చూసేది పక్క నోడ్ వాకబుల్ అవునా కాదా అని, అంటే మనిషి నిలబడగలిగేంత గట్టిదా కాదా అని. నీళ్ళు గట్టివి కావు కాబట్టి లాంతరు అసలు తగలదు. మళ్ళీ కాల్ చేసి మరీ చెప్పింది, ఈసారి "నీళ్ళున్నా సరే పడిపోద్ది తాతయ్యా, ఎందుకంటే" అని మొదలెట్టి ఎక్కడా ఆగకుండా తెలుగులోనే పూర్తిచేసింది. ఉంటే, లేకపోతే, ఉన్నా సరే, ఎందుకంటే... ఇంతకుముందు ఇవన్నీ కలిపి ఒకే తెలుగు వాక్యంలో దాని నోట నేను వినలేదు.

తర్వాత తమ్ముడి వంతు. వాడు పేలిపోయే బ్లాక్ ఒకటి రాశాడు, అది పేలినప్పుడు రాళ్ళు పోతున్నాయి కానీ లాంతర్లు మళ్ళీ గాల్లోనే. "అక్కా నీది పని చేయట్లేదు" అని వాడు, "నీదేరా తప్పు" అని ఇది, ఇద్దరూ తెలుగులోనే పోట్లాడుకుంటుంటే నేను కావాలనే మధ్యలోకి వెళ్ళలేదు. సంగతేంటంటే, ఆటగాడు చేత్తో తవ్వితే ఇంజన్ చుట్టుపక్కల పడాల్సినవి ఏమున్నాయో చూస్తుంది, కోడ్ నుంచి రిమూవ్ నోడ్ అని తీసేస్తే చూడదు. పేలుడు అయ్యాక చెక్ ఫర్ ఫాలింగ్ అనే ఫంక్షన్‌ని, అంటే ఆ చూసే పని చేసే కోడ్ ముక్కని, మనమే పిలవాలి. ఆ పిలుపు పెట్టాక లాంతర్లు టపటపా రాలాయి.

ఆ లాంతరుని వేరేవాళ్ళు నడిపే ఒక ఫ్రీ గేమ్‌కి పంపించింది. అక్కడ రివ్యూ చేసేవాళ్ళు, అంటే పంపిన కోడ్ చదివి తప్పులు చెప్పేవాళ్ళు, మొహం తెలియని పెద్దవాళ్ళు, వాళ్ళని పేరు పెట్టి పిలవాలి, ఒప్పుకోకపోతే ఒప్పుకోనని చెప్పాలి. నేను పెరిగిన పద్ధతిలో పెద్దవాళ్ళు చెబితే వినడమే, తిరిగి అడిగితే ఎదురు చెప్పినట్టు. ఇది కాస్త భయం వేసిన చోటు నాకు, నిజం. కానీ ఆ రివ్యూ చదివితే మర్యాద అంతా అందులోనే ఉందనిపించింది, వేరే రూపంలో. లాంతరు నేల మీదా పైకప్పుకీ రెండు చోట్లా పెట్టేలా అమ్మాయి సొంతంగా ఆన్ ప్లేస్ అనే, బ్లాక్ పెట్టేటప్పుడు నడిచే ఫంక్షన్ రాసుకుంది. దానివల్ల చేతిలో లాంతరు ఉంటే తలుపు మీద రైట్ క్లిక్ చేసినా తలుపు తెరుచుకోవట్లేదు, లాంతరే వచ్చి కూర్చుంటోంది. రివ్యూలో చెప్పిందేంటంటే, ముందు ఎదురుగా ఉన్న నోడ్‌కి సొంత రైట్ క్లిక్ ఉందేమో చూడాలి, ఉంటే, ఆటగాడు స్నీక్ (నక్కి నడిచే బటన్) నొక్కి లేకపోతే, దాని పని దాన్ని చేసుకోనివ్వాలి. ఆ తర్వాత ఈజ్ ప్రొటెక్టెడ్ అని అడగాలి, ఆ స్థలం వేరేవాళ్ళు కాపాడుకున్నదైతే చెయ్యి పెట్టకూడదు. ఎవరింటికైనా వెళ్తే తలుపు తట్టి, రమ్మన్నాకే లోపలికెళ్తాం కదా, అంతే అన్నాను, దానికి వెంటనే ఎక్కింది.

ఒక చోట మాత్రం అది ఒప్పుకోలేదు. లాంతరు ఆకుల తీగ కిందైనా వేలాడాలి అన్నారు రివ్యూలో. తీగ వాకబుల్ కాదు, గ్రూప్ పద్ధతిలో అది కుదరదు, దానికోసం వేరే చెకింగ్ రాస్తే ప్రతి బ్లాక్‌కీ ఒక మినహాయింపు పుట్టుకొస్తుంది అని నెమ్మదిగా కారణం రాసింది. వాళ్ళు సరే అన్నారు. నేను దాన్ని మెచ్చుకున్నా, ఒప్పుకోనందుకు, ఒప్పుకోని తీరుకి రెండిటికీ.

రివ్యూలో వాళ్ళు అడిగిన ఇంకో ప్రశ్న నాకు బాగా నచ్చింది, పాత ప్రపంచాల సంగతేంటి అని. అమ్మాయి మధ్యలో బ్లాక్ పేరు మార్చింది. ఎప్పుడో ఇల్లు కట్టుకుని లాంతర్లు పెట్టుకున్నవాళ్ళు అప్‌డేట్ చేస్తే అవన్నీ అన్‌నోన్ నోడ్, అంటే ఇంజన్ గుర్తుపట్టని బ్లాకులు అయిపోతాయి. రిజిస్టర్ ఏలియస్ అని ఒక లైన్ రాస్తే పాత పేరు కొత్తదానికి దారి చూపిస్తుంది. ఇంజన్ పేరు మారినప్పుడు కూడా వాళ్ళు చేసింది ఇదే, ఇప్పుడు కోడ్‌లో కోర్ అని రాస్తున్నా పాత మైన్‌టెస్ట్ అనే పేరుతో రాసిన మాడ్‌లు (ఇలా బయటివాళ్ళు రాసి గేమ్‌కి కలిపేవి) ఇంకా నడుస్తున్నాయి.

మీ పిల్లలు ఇలాంటివి చేస్తుంటే గేమ్‌లు ఆపమని తిట్టే ముందు ఒకసారి పక్కన కూర్చుని ఏమవుతోందో తెలుగులో చెప్పమనండి. గ్రూప్, నోడ్, ఫంక్షన్ లాంటి మాటలు ఇంగ్లీష్‌వే ఉండనివ్వండి, వాటి జోలికి వెళ్తే పిల్లలు నోరు మూసేస్తారు. "మరి అది లేకపోతే ఏమవుద్ది?" అని మాత్రం అడుగుతూ ఉండండి. మా నాన్నగారు ఇప్పుడు మంట పక్కన ఉంటే లాంతరు అంటుకోదా అని అడిగారు, అమ్మాయి ఫ్లేమబుల్, అంటే మంట అంటుకునేవాటి గ్రూప్ గురించి చదువుతోంది.