తెర ఎంతసేపు పట్టాలి?

గురువారం. రేటింగులు వచ్చే రోజు కాబట్టి లేచిన దగ్గర్నుంచీ చెయ్యి ఫోన్ మీదే ఉంది. అవి రాకముందే హైదరాబాద్ నుంచి ఇంకో కబురొచ్చింది. వచ్చే వారం శనివారం ఎపిసోడ్‌లో ట్విస్ట్ చాలడం లేదట. కూతురు దాచిన రిజిస్టర్ పెళ్లి సంగతి తల్లికి తెలిసే సీను మార్చి రాయాలి, చూసేవాళ్లు అస్సలు ఊహించకూడదు, రాత్రికల్లా పంపాలి. సరేనని జవాబిచ్చి, బ్యాగులో నోట్‌బుక్ వేసుకుని తిరుపతి బస్టాండుకు బయల్దేరాను.

శ్రీకాళహస్తి ప్రయాణం ముందే అనుకున్నది. మా సీరియల్లో ఆ తల్లీకూతుళ్లది కలంకారీ పనిచేసే ఇల్లు. ఆ ఇంట్లో చేతులు ఏం చేస్తుంటాయో చూడకుండా వాళ్ల నోట మాటలు పెట్టడం నాకు ఇష్టం లేదు.

రేణిగుంట దాటేదాకా బస్సులో అన్నమయ్య పాటలే. 1408లో పుట్టి 1503 దాకా బతికిన ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పాడంటారు. రాగిరేకుల మీద మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. ఆ దక్కినవాటిలోనైనా సరే, ఎన్ని వేల పాటలు తిరగేసినా దాదాపు అన్నిటికీ దేవుడు ఆ ఒక్కడే. ‘ఇది ముందే విన్నాం కదా’ అని ఎవరూ అనలేదు. పల్లవి ముందే వినేస్తాం. చరణం అయ్యాక అదే పల్లవి మళ్లీ వస్తుంది, ఒక్క అక్షరం మారదు, కానీ ఈసారి వేరే చోట తగులుతుంది. పొద్దున వచ్చిన మెసేజీ మనసులో ఉండబట్టేమో, ఇవాళ ఇదే పట్టుకుని కూర్చున్నాను. ఊహించనిది కావాలి, ఊహించనిది కావాలి అని మా మీటింగుల్లో ఎప్పుడూ ఒకటే పాట. ఊహించనిదాని ఆయుష్షు మర్నాటి ఎపిసోడ్ దాకానే. ఆ తర్వాత దానికంటే పెద్దది వెతుక్కోవాలి.

శ్రీకాళహస్తిలో కలంకారీ పనిచేసే ఒకాయన్ని నేను అన్నా అనే పిలుస్తాను. ఆ అన్న ఇంట్లోకి అడుగుపెట్టగానే గేదెపాల వాసన, దాంతోపాటు కరక్కాయ వగరు కలిసి ముక్కుకు కొట్టాయి. బట్టను ముందు ఈ రెండింట్లో నానబెట్టి ఎండేస్తారు. పాలలో ఉన్న కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. గీత ఎక్కడ పెడితే అక్కడే నిలుస్తుంది. అన్న చేతిలో ఉన్నది కుంచె కాదు. సన్నగా చెక్కిన వెదురుపుల్ల, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించారు. ఉన్నిని రంగులో ముంచి, గీస్తూ వేళ్లతో మెల్లగా నొక్కితే రంగు మొనలోకి దిగుతుంది. ఎంత నొక్కితే అంత లావు గీత.

చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందే బొమ్మ గీసి ఉంది. దాని మీద ఇప్పుడు నల్లరంగు పడుతోంది. దాన్ని కసిం అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు ఊరబెడితే తయారవుతుంది. గిన్నెలో చూస్తే అదేం నలుపు కాదు, మురికి నీళ్లలా ఉంది. పుల్ల మొన బట్టను తాకాక, బట్టలో ఉన్న కరక్కాయ వగరుతో కలిసి, నా కళ్ల ముందే నల్లబడింది. అన్న చెయ్యి ముందు పోతోంది, నలుపు దాని వెనకాలే వస్తోంది. నేను నోట్‌బుక్ తెరవడం కూడా మర్చిపోయి అదే చూస్తున్నాను.

“చెరిపేదుండదా అన్నా?” అన్నాను.

“యాడ చెరుపుతావమ్మా? పడిందంటే పడిందే. చెయ్యి వణికితే ఆ వణుకును కూడా చీర మడతో, గుర్రం జూలో చేసి కలుపుకుని పోవాల్సిందే.”

ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ఎర్రగా రావాల్సిన చోట పటిక నీళ్లు పెడతారు. అప్పుడు ఎరుపు కనబడనే కనబడదు. తర్వాత ఎర్రరంగునిచ్చే చెక్కలతో, మొక్కల వేర్లతో కలిపి బట్టను ఉడకేస్తే పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. కడిగి ఎండేసేదాకా ఆగాలి. 1957లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఈ ఊళ్లో శిక్షణ కేంద్రం మొదలైందని చదివాను. అందులో నేర్చుకున్న తొలి తరంవాళ్ల దగ్గరే అన్న వాళ్ల నాన్న పని నేర్చుకున్నాడట. అప్పటికి ఈ పని చేసే చేతులు ఇక్కడ బాగా తగ్గిపోయి ఉన్నాయని ఆయన చెప్పేవాడట.

బట్ట మీద బొమ్మ పద్మవ్యూహం. చిత్తూరు వైపు ఒక ఊరి ధర్మరాజుల గుడి వాళ్లు చేయించుకుంటున్నారు. నడుమ పెద్దగా వ్యూహం, చుట్టూ చిన్న చిన్న గళ్లలో మిగతా కథ, ఒక్కో గడి కింద తెలుగులో ఒక వరుస రాత. నా మనసులో నానుతున్నదే అడిగేశాను. ఈ కథ తెలియనివాళ్లు ఎవరుంటారు, ఇక బొమ్మ ముందు మనిషిని ఎట్లా నిలబెడతారు అని.

అన్న పుల్ల పక్కన పెట్టాడు. “వచ్చినోళ్లు ముందు అభిమన్యుడు యాడుండాడా అని వెతుకుతారు. దొరికినాక, వాణ్ణి ఎట్లా పెట్టినానా అని చూస్తారు. మా నాయన వ్యూహాన్ని అన్నిపక్కలా మూసేసి గీసేవాడు. నేను ఒకపక్క దోవ తెరిచి పెట్టినా. ఆ దోవలో సైంధవుణ్ణి నిలబెట్టినా, చూడు. పాండవులు వాడి అవతల ఉండారు.”

చూశాను. దారి ఉంది. దారిలో మనిషి ఉన్నాడు. వాడి భుజం పైనుంచి భీముడి తల కనబడుతోంది. అన్నివైపులా మూసేసి ఉంటే కలిగే దిగులు వేరు, ఇది వేరు. ఇది చాలాసేపు చూడలేని బొమ్మ.

ఆ గుడి తరఫున పని ఎంతవరకు వచ్చిందో చూసి పోదామని వచ్చిన పెద్దాయన ఒకరు స్తంభానికి ఆనుకుని కూర్చుని మా మాటలు వింటున్నారు. భారతం నాటకాలు నేర్పే అయ్యవారు. ఒకప్పుడు అభిమన్యుడు, తర్వాత అర్జునుడు, ఇప్పుడు ఎక్కువగా దుర్యోధనుడి వేషం కడతారట. మా జిల్లా భారతం చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలంలో చాలా ఊళ్లలో పద్దెనిమిది రోజులు జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. మధ్యాహ్నం భాగవతారు ఏ ఘట్టం చెబుతాడో రాత్రి వేషగాళ్లు అదే ఆడతారు. అర్జునుడి తపస్సు రోజు వేషగాడు నిజంగానే ఎత్తయిన మాను ఎక్కుతాడు. ఎక్కుతూ ఒక్కో మెట్టుకీ పద్యం పాడతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో ఎదురుచూస్తుంటారు, పైనుంచి ఆయన విసిరే పండో విభూదో ఒళ్లో పడాలని. ఆఖరి రోజు నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేసి తొడ పగలగొడతారు. సాయంత్రం నిప్పుల గుండం.

అయ్యవారు అన్నారు కదా: “మధ్యాహ్నం కథలో భాగవతారు అభిమన్యుణ్ణి చంపేస్తాడు తల్లీ. ఊరంతా ఏడుస్తాది. మళ్లీ ఇండ్లకు పోయి, మొగం కడుక్కోని, ఇంత తిని, చాప చంకన పెట్టుకోని రాత్రికి నా ముందర కూర్చుంటారు. ఏమైతాదో తెలుసుకునేదానికి గాదు గదా వచ్చింది! ఏమైతాదో పొద్దునే తెలుసు. వాడు పోయేటప్పుడు తల్లికి ఏం చెప్పి పోతాడు, ఎట్లా చూస్తాడు, అదీ వాళ్లకు గావల్సింది. కథ తెల్వని వాడికి ఆడటం సులువు. తెలిసినోడికి ఆడాల.”

ఈ మాట రాసుకున్నాను. ఇప్పుడు మళ్లీ ఇక్కడ రాస్తుంటే కూడా ఒళ్లు గగుర్పొడుస్తోంది.

ఈ నాటకాల్లో వేషగాడు జనానికి కనబడే ముందు ఇద్దరు అడ్డంగా తెర పడతారు. అది ఎట్లాగో చూపించమని అయ్యవారిని అడిగాను. భుజం మీది తుండు తీసి, పని నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లలకు చెరో కొస ఇచ్చి పట్టుకోమన్నారు. దాని వెనక నిలబడ్డారు. మొదట ఏమీ లేదు. కాళ్లకు గజ్జెలు లేకపోయినా మడమతో నేలను తొక్కిన చప్పుడు వచ్చింది. మళ్లీ ఆగింది. తుండు పైఅంచు మీదికి నాలుగు వేళ్లు వచ్చాయి, అంచును గట్టిగా పట్టుకున్నాయి. ఆ పట్టు చూడగానే దుర్యోధనుడని తెలిసిపోయింది. పాట మొదలైంది. పాట సాగుతుంటే తల కొంచెం పైకి లేచి మళ్లీ దిగింది. ఆ తర్వాతే తుండు పోయింది. కనబడిన మనిషి ఇందాకటి ముసలాయన కాదు, మెడ నిలబెట్టిన తీరే మారిపోయింది.

“తెర ఎంతసేపు పట్టాలో ఎట్లా తెలుస్తుంది అయ్యవారూ?”

“జనం చెప్తారు. ముందు వరసలో పిల్లోళ్లు మోకాళ్ల మీద లేస్తారు. అప్పుడు ఇంకొంచెం పట్టాల. వెనకనించి ఎవుడో దగ్గినాడంటే తీసేయాల.”

తర్వాత ఆయన నన్నడిగారు, మీ దాంట్లో తెర ఎవరు పడతారు తల్లీ అని. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా నటీమణుల్లో చాలామంది కన్నడంవాళ్లు. సెట్లో ఒకరు పక్కన నిలబడి డైలాగు అందిస్తుంటే విని అంటారు, తర్వాత డబ్బింగ్ ఆర్టిస్టు వచ్చి గొంతు ఇస్తుంది. నేను రాసిన ఒక్క వాక్యం ముగ్గురి నోళ్లు దాటి బయటికి వస్తుంది. అందుకే చిన్న వాక్యాలు రాస్తాను. ఎక్కడ ఆగాలో నేను రాసినా, ఆగేదీ ఆపేదీ ఎడిటర్. ఎదుటివాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూపించి, వాటి వెనక సంగీతం వేస్తాడు.

ఆయన దాన్ని తీసిపారేయలేదు. “మాకూ వంత ఉండాది గదా. నేనొక చరణం అంటే వాళ్లు అందుకుంటారు. ఆ సందులోనే నాకు ఊపిరి. అందించేవాడు మంచోడైతే భయమేముంది?” అన్నారు. ఆ ప్రాంప్టర్‌కు మంచి తెలుగు ఉందా అని కూడా ఆరా తీశారు. సినిమా నటుడు చిత్తూరు నాగయ్య గారి మాట వచ్చింది. చిత్తూరు నాటకాల మాట వస్తే మా వైపు ఆయన పేరు రాకుండా ఉండదు. గుంటూరు జిల్లాలో పుట్టి, చిత్తూరు నాటకాల్లో ఆడి, ఊరి పేరునే తన పేరు ముందు పెట్టుకున్న మనిషి. పోతన, వేమన, త్యాగయ్య, ఆయన వేసిన ఏ పెద్ద పాత్ర తీసుకున్నా ఆ కథ జనానికి ముందే వచ్చినదే. 1965లో పద్మశ్రీ తెచ్చుకున్న ఆ నటుడు గొంతు పెంచకుండా నటించాడని అయ్యవారు చాలాసేపు చెప్పారు. రాత్రంతా గొంతెత్తి పాడే మనిషి ఆ మాట అంత ఇష్టంగా చెబుతుంటే వినడం బాగుంది.

తిరిగొచ్చేటప్పుడు ఏర్పేడు దగ్గర రేటింగులు వచ్చాయి. కిందటి వారం ఎంతో ఇప్పుడూ అంతే.

అయ్యవారి మాట యథాతథంగా నా పనికి అతుకుతుందని నేను అనుకోవడం లేదు. ఆయన ముందు కూర్చున్న జనం మొక్కుకుని, చాప పరుచుకుని వచ్చినవాళ్లు, తెల్లవారేదాకా లేవరు. నా జనం చేతిలో రిమోట్ ఉంది. ఇంకో సంగతి, సీరియల్‌ను చూసేవాళ్లకంటే వినేవాళ్లు ఎక్కువ. మా అమ్మ, పక్కింటి పిన్ని, అందరూ వంటింట్లో పోపు వేస్తూనే వింటారు. నటి ఎంత గొప్పగా మౌనంగా నిలబడినా ఆ మౌనం వంటింట్లోకి వినిపించదు. తెర పట్టినంతసేపు పాట ఉండాలి కదా, మరి నా సీనులో ఆ పాట ఏది? బాలాజీ కాలనీలో దిగి ఇంటికి నడుస్తున్నంతసేపూ ఇదే టెన్షన్.

అన్నం తిన్నాక రాయడానికి కూర్చున్నాను. ట్విస్ట్ తీసేశాను. తల్లికి నిజం తెలిసే ముక్కను శుక్రవారం ఎపిసోడ్‌లోకే జరిపాను, పెళ్లి కాగితం ఆమె చేతికే దొరుకుతుంది. ప్రేక్షకులకు తెలుసు, తల్లికీ తెలుసు. తెలియనిది కూతురికి ఒక్కదానికే. శనివారం సీనులో తల్లి కసింతో గీత గీస్తుంటుంది. కూతురు పక్కన కూర్చుని, ఫలానా స్నేహితురాలి ఇంటికి వెళ్లానని, బస్సు దొరకలేదని అబద్ధం తర్వాత అబద్ధం చెబుతూ పోతుంది. తల్లి ప్రతిదానికీ బట్ట సంగతే బదులిస్తుంది. ‘గిన్నె ఇటు జరుపు.’ ‘ఆ అంచు నలగనీకు.’ ‘తడి ఆరలేదు, చెయ్యి పెట్టబాక.’ వంటింట్లో ఉన్న మనిషికి కూడా తెలిసిపోతుంది, అడిగినదానికి జవాబు రావడం లేదని. చివరికి కూతురు, ‘అమ్మా, వింటున్నావా?’ అంటుంది. తల్లి, ‘చెరిపేది ఉండదు దీంట్లో, అందుకే చూసుకుని గీస్తన్నా’ అంటుంది. అంతే, ఎపిసోడ్ అక్కడ ఆగుతుంది.

పంపిన కాసేపటికే డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. ట్విస్ట్ ఎక్కడ అని అడుగుతారనుకున్నాను. అడిగారు కూడా. చెప్పాను, చూసేవాళ్లకు అన్నీ తెలిశాక ఆ పిల్ల ఇంకా అబద్ధం ఆడుతుంటే వాళ్లు రిమోట్ పట్టుకోరు సార్ అని. కాసేపు మాట్లాడలేదు. చానెల్ వాళ్లతో తను మాట్లాడతానని, సీను ముక్కలు చేయకుండా ఒకే టేకులో తీయాలనుందని అన్నారు. అయితే గీత గీసే చెయ్యి దగ్గర్నుంచి చూపించాలి, నటి చేత అది ఇప్పటికిప్పుడు కాదు, నిజంగా పనొచ్చిన చెయ్యి కావాలన్నారు.

అంత రాత్రప్పుడు మొహమాటపడుతూనే అన్నకు ఫోన్ చేశాను. ఒకరోజు హైదరాబాద్ రావాలంటే ఆలోచించి, వాళ్లావిడ చెయ్యి అయితే ఆడమనిషి చెయ్యిగా సరిపోతుందని, గీతలో ఆమె తనకంటే నెమ్మదస్తురాలని చెప్పాడు. ఇద్దరూ వస్తారట. సెట్లో నల్ల ఇంకు పెడితే మాత్రం ఆమె పుల్ల పట్టదట. ఊరబెట్టిన కసిం సీసాలో పోసుకుని తామే తెస్తామని, పాలలో తడిపి ఎండేసిన బట్ట కూడా తామే తెస్తామని, దానికి రెండు రోజుల ముందుగా చెబితే చాలని అన్నాడు.